సైజింగ్ ఆఫీసులో మా కోడలి డబ్బా

సెప్టెంబర్ 4, 2005, ఆదివారం

పాస్టరుగారు వాక్యం చెబుతున్నంతసేపూ నా కొడుకు ఇమ్మానుయేల్ దగ్గుతూనే ఉన్నాడు. ముందు వరసలో ఆడవాళ్లు తిరిగి తిరిగి చూశారు. బయటికొచ్చాక "ప్రార్థనలో పెడతాం శారమ్మా" అన్నారు. వీడి నాన్న, మా ఆయన మోషేను కూడా ఇట్లాగే ప్రార్థనలో పెట్టారు. భివండీ మగ్గాల షెడ్డులో ఏళ్ల తరబడి ఆయన ఛాతీలోకి పోయిన దూది పీచు ఏ ప్రార్థనకూ బయటికి రాలేదు. చివరికి ఆయన్నే బయటికి మోసుకొచ్చారు.

కొడుక్కి డాక్టరు చెప్పింది ఒకటే మాట. షెడ్డులోకి పోవద్దు. పోకపోతే తిండి ఎట్లా అన్నది డాక్టరు చెప్పడు, అది ఆయన చదువులో లేదు. వీడు రోజూ రాత్‌పాళీకి, అదే రాత్రి షిఫ్టుకు, కనేరి షెడ్డుకు పోతాడు. తెల్లారి కనుబొమ్మలకు పీచు అంటించుకుని వస్తాడు.

ఇక మా కోడలు. నిజాంపురాలో కంప్యూటర్ క్లాసులో పిల్లలకు నేర్పుతుంది క్రిస్టినా. ఇప్పుడు దత్తాత్రి సేటు సైజింగ్ కోసం ఒక ప్రోగ్రాం రాసిందట. అది నడిస్తే సేటు ఆమెను ఆఫీసులో నెల జీతానికి పెట్టుకుంటాడు. ఆమెకు జీతం వస్తే ఇమ్మానుయేల్ షెడ్డు మానేస్తాడు. ఇదీ మొగుడూ పెళ్లాల పథకం. నా కొడుకు ఊపిరి తీసుకెళ్లి ఒక కంప్యూటర్ డబ్బాకు కట్టారు. దేవా, ఇంతకన్నా గట్టి గుంజ దొరకలేదా నీకు?

సెప్టెంబర్ 6, మంగళవారం

సాయంత్రం నన్ను ఇంట్లో ఉన్న పాత డబ్బా ముందు కూర్చోబెట్టి ప్రోగ్రాం చూపించింది. గంజి వాసనలో పుట్టి గంజి వాసనలో ముసలిదాన్నయ్యాను. నూలుకు గంజి పట్టించి దుంగలాంటి బీముకు చుట్టే సైజింగ్ గురించి నాకు పాఠం!

"ఇగో అత్తమ్మా, ఏ పార్టీ నూలు, ఏ లాట్, ఏ బీముకెక్కింది, అన్ని ఇండ్ల ఉంటయి. రెండు లాట్లు ఒక్క బీముల కలిస్తె..."

"రంగేసినంక బట్టనిండ పట్టీలు తేల్తయి. నువ్వు పుట్టకముందు నుంచి నాకెరుకే. గది చెప్పనీకె లస్మయ్య లేడా?"

"ఉన్నడు. యాదికున్నది చెప్తడు. యాదికి లేంది గుడ చెప్తడు."

నోరు మాత్రం ఉంది పిల్లకు. లస్మయ్య సేటు దగ్గర లెక్కలు రాసే మునీం. కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కించి, కళ్లు మూసుకుని లాట్ నంబర్లు వల్లిస్తాడు. అందరూ ఆయన జ్ఞాపకానికి దండం పెడతారు.

తర్వాత సర్వర్ అంది.

"హోటల్ల సర్వరా?" అన్నాను.

నవ్వింది. "గట్లనే అనుకోండ్రి. అడిగింది తెచ్చిస్తది. పెద్ద ఆఫీసులల్ల సర్వర్ వేరే మిషన్ల ఉంటది. మనది ప్రోగ్రాం కడుపులనే ఉంటది. చిన్నది. దాన్ని ఎవ్వరు చూసుకోనక్కర లేదు."

చూసుకోనక్కర లేదట. మరి పొద్దస్తమానం దాని ముందు కూర్చుని చూసుకుంటున్నది ఎవరు, దయ్యమా?

సెప్టెంబర్ 9, శుక్రవారం

ఛుట్టీ. శుక్రవారం మగ్గాలన్నీ ఆగితే చెవుల్లో నీళ్లు పోయినట్టు ఉంటుంది నాకు. ఇమ్మానుయేల్ రోజంతా పడుకున్నాడు.

డబ్బా టకాటక్ జవాబు చెప్పిందని క్రిస్టినా చప్పట్లు కొట్టింది. లోపల నాలుగు పేర్లు పెట్టి అడిగితే నేనూ టకాటక్ చెబుతాను.

సెప్టెంబర్ 13, మంగళవారం

సేటు ఆఫీసులో కొత్త కంప్యూటర్ కొన్నాడు. దానికి పూలదండ కూడా వేశాడు. క్రిస్టినా తన ప్రోగ్రాం అందులో ఎక్కించింది. పాత రిజిస్టర్లలో ఉన్నదంతా ముందే కొట్టి పెట్టింది. మధ్యాహ్నం టిఫిన్ పట్టుకుని నేను వెళ్లాను. టిఫిన్ ఒక వంక. ఇంట్లో ఉంటే నా కాలు నిలవదు.

దత్తాత్రి సేటు ఒకప్పుడు మోషే పక్క మగ్గం మీద నేసినవాడే. ఇప్పుడు వేళ్లకు ఉంగరాలు, మాటకు బరువు. నూలు తెచ్చే ఒక పార్టీ పేరు చెప్పి, శ్రావణంలో వాళ్ల నూలు ఏ లాట్ అని అడిగాడు. క్రిస్టినా కొట్టింది. తెర మీద ఇసుక గడియారం బొమ్మ తలకిందులవుతూ కూర్చుంది.

"లస్మయ్యా, చాయ్ చెప్పు. ఇది వచ్చేలోపట తాగొచ్చు."

"చాయెందుకు సేటు, బిర్యానీ చెప్త" అన్నాడు లస్మయ్య. కళ్లు మూసుకుని ఒక నంబరు వల్లించాడు. చాలాసేపటికి డబ్బా ఇంకో నంబరు చూపించింది.

"మిషన్ తప్పు."

"కాకా, మీరు చెప్పింది పోయినేడుది. ఇగో, మీ చేతిరాతనే" అని క్రిస్టినా రిజిస్టరు తెరిచి పట్టుకుంది. ఎవరూ చూడలేదు. ముందు చెప్పినవాడిదే నిజం భివండీలో.

"దివాళి దాక టైం ఇస్త చెల్లె" అన్నాడు సేటు. "నా మునీం కన్న జల్ది చెప్పాలె. లేకుంటె గీ డబ్బాల సినిమాలు చూసుకుంట."

ఇంటికి వచ్చేదాకా ఆటోలో దేవుడికి మొరపెట్టుకుంటూనే ఉన్నాను. ఆమె మాత్రం వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటూ కూర్చుంది. భయపడాల్సిన వాళ్లు భయపడకపోతే వాళ్ల వంతు భయం కూడా నేనే పడాలి.

సెప్టెంబర్ 16, శుక్రవారం

పొద్దంతా సెట్టింగులు. సర్వర్‌కు ఒక చీటీలాంటి ఫైల్ ఉంది, దాని నిండా నంబర్లు. ఒక నంబరు మారుస్తుంది. ప్రోగ్రాం మూస్తుంది. తెరుస్తుంది. అడుగుతుంది. చేతి గడియారం చూస్తుంది. పెదవి విరుస్తుంది. మళ్లీ మొదటికి. దీనికి జీతం ఇస్తారట.

ఇమ్మానుయేల్ నిద్ర లేచి పెళ్లాం పక్కన కూర్చున్నాడు. "గిదేం మారుస్తున్నవ్?"

"సర్వర్ యాదిల ఎంత పట్టుకోవాల్నో గది. ఎక్కువ పట్టుకుంటే మాటిమాటికి డిస్కు దాక పోనక్కర లేదు."

పోనక్కర లేదని మరీ ఎక్కువ మేపింది. కడుపుబ్బిన బర్రెలా రొప్పింది డబ్బా. మొన్నటికన్నా నెమ్మది. "మిషన్ల జాగనే తక్కువ. ఉన్నదంత సర్వర్‌కే ఇచ్చేసిన" అని తనే నాలుక కరుచుకుంది. ఒక్క గది ఖోలీలో ముగ్గురం పడుకుంటాం. జాగా పంచడం ఇంకొకళ్లు నేర్పాలా దీనికి?

సెప్టెంబర్ 19, సోమవారం

పప్పు మాడింది. ఎవరు మాడ్చారో రాయను.

సెప్టెంబర్ 20, మంగళవారం

"దొరికింది అత్తమ్మా!" అని అరిచింది. పోయిన ఉంగరమేదో దొరికిందనుకున్నాను.

"ఒక్క లాట్ కోసం మొదటినుంచి చివరిదాక అంత చదువుతున్నది. ఇండెక్స్ వెట్టుడు మర్శిన. మీ బైబిల్ల రిబ్బన్లు వెట్టుకుంటరు సూడుండ్రి, తెరిస్తె సీదా గా కీర్తన దగ్గరికే పోనీకె. గట్ల ఇప్పుడు లాట్ నంబరుకు వెట్టిన."

పరిశుద్ధ గ్రంథాన్ని దత్తాత్రి గంజితో పోల్చింది. గట్టిగా అందామనుకున్నాను. కానీ అడగ్గానే నంబరు వచ్చింది. సరే అని ఊరుకున్నాను. మర్చిపోయిందట. వారం రోజుల ఏడుపు ఒక మతిమరుపు వల్ల.

సెప్టెంబర్ 22, గురువారం

సేటుకు ఇప్పుడు ఇంకో నొప్పి. అడిగితే చెబుతోంది సరే, రాస్తే నెమ్మది. లస్మయ్య ఒక సంచి నంబరు కొడతాడు. డబ్బా మీద ఎర్రదీపం మిణుకుమంటుంది. ఆగుతాడు. ఇంకో సంచి. నూలు సంచులు తెచ్చే తోపుడు హాత్‌గాడీలు గేటు దాకా నిలబడ్డాయి.

"గిట్లయితే నూలు గేటు కాడనే ముసల్దయితది" అన్నాడు సేటు.

క్రిస్టినా కూర్చుని ఒకటేదో మార్చింది. అంతే! లస్మయ్య వేలు ఎత్తేలోపు సంచి లోపల. సేటు కుర్చీలోంచి లేచాడు.

"గిట్లనే ఉండనీ. ఇగ ముట్టకు."

"లేదు సేటు, గిది ఉత్త పరీక్షకు. రాసింది రాసినట్టు డిస్కుమీద వెట్టకుండ, యాదిల వెట్టుకొని తీరిగ్గ రాసుకో అని చెప్పిన. నడుమ కరెంటు పోతే యాదిల ఉన్నది పోతది. ఒక బ్యాటరీ డబ్బ కొంటె..."

"ముందు ఇది నడవనీ. బ్యాటరీ తర్వాత. కరెంటు పోతే మగ్గం ఆగుతది, వస్తే మల్ల చాలూ అయితది. నూలు ధాగా యాడికన్న పోతదా?"

లస్మయ్య అందుకున్నాడు. "రాత్రి మెయిన్ స్విచ్చి దించేముందు మగ్గానికి చెప్పి దించుతమా మేడం?"

"దీనికి చెప్పాలె కాకా. ముందు ప్రోగ్రాం మూసి, మిషన్ బంద్ చేసి, అప్పుడు మెయిన్."

"సరే. జోల గుడ పాడుత."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోల మాట బాగుంది, నవ్వితే తప్పేముంది?

దారిలో, ఎల్లుండి ఆఫీసు తెరవగానే పాత సెట్టింగు పెట్టేస్తానంది. నాకు ఒళ్లు మండింది. "నీ మొగని దగ్గు ఇనపడుతలేదా? సేటు మెచ్చిండు. ఇగ ముట్టకు" అన్నాను. ఆమె నా వైపు చూసింది. తర్వాత రోడ్డు వైపు చూసింది.

సెప్టెంబర్ 25, ఆదివారం

ముట్టలేదు. సేటు పక్క సైజింగుల వాళ్లను పిలిచి చూపిస్తున్నాడట. స్తోత్రం.

అక్టోబర్ 1, శనివారం

పొద్దున్నే సేటు మనిషి పరుగెత్తుకొచ్చాడు. ప్రోగ్రాం తెరుచుకోవడం లేదట. క్రిస్టినా క్లాసులో ఉంది. కబురు అందుకుని ఆమె చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రానికి తెరిచింది. లోపల గురువారం రాసినవి లేవు. లస్మయ్య గురువారం చీకటి పడగానే, డబ్బాను మూయకుండా, వెనకటిలాగే మెయిన్ దించి, తాళం వేసి, ఇంటికి పోయాడు. నిన్న శుక్రవారం, ఎవరూ చూడలేదు.

జోల పాడలేదన్నమాట.

"సంచులమీది చిట్టీలు చూసేదాక నూలు ఎక్కియ్యకుండ్రి" అని బతిమాలిందట. అప్పటికే ఎక్కించేశారు. పార్టీ గేటు దగ్గర నిలబడి తొందర పెట్టింది. లస్మయ్య కళ్లు మూసుకుని లాట్లు వల్లించాడు.

నేను ఆమెను ముట్టవద్దని చెప్పలేదు. సేటు చెప్పాడు. సేటు చెప్పిన మాటే నేను చెప్పాను.

అక్టోబర్ 3, సోమవారం

క్రిస్టినా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. జవాబు తయారుగా పెట్టుకున్నాను.

అక్టోబర్ 12, బుధవారం

దసరా. ఊళ్లో ప్రతి మగ్గానికీ దండ. సేటు ఆఫీసులో డబ్బాకు కుంకుమ పెట్టి, దాని నెత్తిన కొబ్బరికాయ కొట్టబోయారట. క్రిస్టినా అడ్డం పడి గుమ్మం దగ్గర కొట్టించింది. చదువుకున్నందుకు ఆ మాత్రం పనికొచ్చింది.

ముట్టవద్దని సేటు చెప్పాడు, నేను కాదు.

అక్టోబర్ 18, మంగళవారం

నేను వెళ్లేసరికి టేబుల్ మీద బట్ట పరిచి ఉంది. నీలం రంగు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పట్టీలు. ఒకటి ముదురు, ఒకటి లేత. పరుపు గలీబులకు కూడా పనికిరాదు. రంగు వేయించిన పార్టీ విసిరేసి పోయిందట.

"చూసుకో మేడం" అన్నాడు సేటు. చెల్లె పోయి మేడం అయింది. "నీ డబ్బ నేసిన బట్ట."

క్రిస్టినా బట్టను చేత్తో తడిమింది. కింద చూస్తూనే మాట్లాడింది.

"రాసింది పోవుడు నా తప్పే సేటు. గా సెట్టింగు ఉంచుడు తప్పని నాకెరుక. ఎరుకుండి ఉంచిన. గని రెండు లాట్లు ఒక్క బీముకు ఎక్కిచ్చింది డబ్బ కాదు."

లస్మయ్య కళ్లజోడు తుడవడం మొదలుపెట్టాడు. ఇంతకు ముందు ఆ అద్దాలు ఎవరూ తుడవగా చూడలేదు నేను.

"తప్పని ఒప్పుకున్నంక ఇగ మాటలేంది? ఎత్తుకపో నీ ప్రోగ్రాం."

ఇమ్మానుయేల్ పొద్దున మెట్ల మీద కూర్చున్నది కళ్ల ముందు కనబడింది. మా ఖోలీకి పద్నాలుగు మెట్లు కూడా లేవు, సగంలో కూర్చుంటున్నాడు. అప్పుడు నోరు దానంతట అదే లేచింది.

"దత్తాత్రీ" అన్నాను. పక్కన సేటు అని తగిలించలేదు. "గా నాడు పిల్ల బ్యాటరీ డబ్బ అడిగింది. తర్వాత అన్నదెవలు? ప్రోగ్రాం మూయకుండ మెయిన్ దించకు అన్నది. జోల పాడుత అన్నదెవలు? మగ్గం లెక్కనే అనుకున్నరు అందరు. నవ్విండ్రు. నేను గుడ నవ్విన. ఇప్పుడు పట్టీలన్ని దాని ఒక్కదాని మొఖాన కప్పుతవా?"

"శారమ్మక్కా, నువ్వు నడుమల..."

"నువ్వు మా ఆయన పక్క మగ్గం మీద ఎన్ని పోగులు తెంపలేదు? తెంపినప్పుడల్ల నిన్ను ఎల్లగొడితె నీకు ఉంగరాలెక్కడియి?"

గంజి కలిపేవాళ్లు తలుపు దగ్గర గుమిగూడారు. సేటు వాళ్లను తిట్టాడు, పంకా వేగం పెంచాడు, తగ్గించాడు. చివరికి, దివాళి ఛుట్టీలయ్యాక సైజింగ్ తెరిచిన రోజు ఒక్కసారి చూస్తానన్నాడు. రాసింది పోవద్దు, గాడీలు నిలబడొద్దు. రెండిట్లో ఏది తప్పినా అదే చివర.

ఆటోలో క్రిస్టినా నవ్వు ఆపుకుంటోంది. "దత్తాత్రీ అన్నరు!" అంది. నాకప్పుడు భయం వేసింది.

అక్టోబర్ 21, శుక్రవారం

ఇవాళ ఆమె నాకొక పని చెప్పింది.

"అత్తమ్మా, నేను డబ్బాల రాస్తుంట. మీరు నాకు చెప్పకుండ ప్లగ్గు పీకుండ్రి."

"పేల్తది."

"పేలది."

"షాక్ కొడ్తది."

"చెప్పులు ఏసుకొని పీకుండ్రి."

మొదటిసారి కళ్లు మూసుకుని పీకాను. తర్వాత కళ్లు తెరిచే పీకాను. ఆమె సంచి నంబర్లు కొడుతుంటుంది, నేను ఉల్లిగడ్డలు కోస్తున్నట్టు నటించి, చటుక్కున పీకేస్తాను. ఆమె ఉలిక్కిపడుతుంది. మళ్లీ పెట్టి, తెరిచి, ఏవి ఉన్నాయి ఏవి పోయాయి అని చూస్తుంది. కోడలు చెప్పిన పని ఇంత ఇష్టంగా నేనెప్పుడూ చేయలేదు.

ఇమ్మానుయేల్ దుప్పటిలోంచి తల బయటపెట్టి, "ఏం ఆటనే ఇది మీ ఇద్దరిది, నిద్ర వట్టనిస్తలేరు" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు.

అక్టోబర్ 25, మంగళవారం

సెట్టింగు మళ్లీ పాతదే పెట్టింది. రాసింది వెంటనే డిస్కు మీదికి పోవాల్సిందే. మరి గాడీలు? అక్కడే చిక్కుకుంది. పొద్దున్నుంచి మెతుకు ముట్టలేదు. "తినకపోతే సర్వర్ ఉరుకుతదా?" అని అరిచాను. తినిపించే ప్రేమేమీ కాదు, అన్నం పాడవుతుందని.

అక్టోబర్ 28, శుక్రవారం

దారి దొరికిందట. ఇన్నాళ్లూ ఒక్కో సంచికీ ఒక్కోసారి సర్వర్ డిస్కు దాకా నడిచి వచ్చేది. ఇప్పుడు బీముకు ఎక్కే సంచులన్నీ పోగేసుకుని, బీము మొత్తం ఒకేసారి తీసుకెళ్లి పెడుతుంది. వెళ్తే మొత్తం వెళ్తుంది, లేకపోతే అసలు వెళ్లదు. యాదిలో పట్టుకునేది కూడా మిషన్ జాగాకు తగ్గట్టు కుదించింది.

నీళ్లబిందెలు ఒక్కొక్కటిగా మోసేదానికి ఇప్పుడు బుద్ధి వచ్చి బండి పెట్టుకుంది, అంతే కదా! దీనికి రెండు నెలలు.

ప్లగ్గు పీకాను. పీకాను. పీకాను. పూర్తి చేసిన బీము ఒక్కటీ పోలేదు.

నవంబర్ 3, గురువారం

దివాళి, వెనకే రంజాన్. షెడ్లన్నీ మూత. ఇమ్మానుయేల్ ఇంట్లోనే ఉన్నాడు. దగ్గు తగ్గింది. నిన్న మెట్లు ఆగకుండా ఎక్కాడు. ఎవరితోనూ అనను, దిష్టి తగులుతుంది. దిష్టి లేదని పాస్టరుగారు అంటారు. ఆయన పిల్లలు ఎర్రగా బుర్రగా ఉన్నారు, ఎందుకు నమ్ముతారు?

నవంబర్ 8, మంగళవారం

దేవుడికి ఒక్క మాట చెప్పి వెళ్లాను. డబ్బాను కాదు, నా కొడుకును చూడు అని.

సేటు కూర్చున్నాడు. క్రిస్టినా లస్మయ్యను కూర్చోబెట్టి, "మీరే కొట్టుండ్రి కాకా" అంది. ఆయన నుదుటి మీది కళ్లజోడు కిందికి దించుకున్నాడు. గాడీలు రావడం మొదలైంది. సంచి, సంచి, సంచి, బీము. ఎర్రదీపం బీముకొకసారి మిణుకుమంది. గేటు దగ్గర గాడీ నిలబడలేదు. సేటు పాత లాట్లు అడిగాడు, తిప్పి తిప్పి అడిగాడు. అడగ్గానే వచ్చాయి.

"మొన్న ఉరికినంత ఉరుకుతలేదు గద" అన్నాడు.

"ఉరుకది సేటు. పడది."

సేటు ఆమె వంక అదోలా చూశాడు. లేచాడు. ఎవరికీ చెప్పకుండా గోడ దగ్గరికి పోయి, మెయిన్ దించేశాడు.

గంజి పట్టించే మిషన్లు, పంకాలు, దీపాలు, అన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. లోపలినుంచి పనివాళ్లు మరాఠీలో, హిందీలో, తెలుగులో తిట్టారు. దించింది సేటని తెలిశాక ఆపారు. నేను కుర్చీ పట్టుకున్నాను. ఎన్నిసార్లు నా చేత్తో పీకాను! వేరేవాళ్లు పీకితే మాత్రం వాళ్ల చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

మెయిన్ ఎత్తాడు. డబ్బా తెల్లగా, నల్లగా, నీలంగా అయింది. ఏదో చూసుకుంటోందంది క్రిస్టినా. చూసుకుంటూనే ఉంది. లస్మయ్య చాయ్ చెప్పలేదు.

తెరుచుకుంది. బీములన్నీ ఉన్నాయి. చివర సగం కొట్టిన బీము లేదు.

"గదేది?" అన్నాడు సేటు.

"సగం రాసింది రాయనట్టే. మల్ల మొదటినుంచి కొట్టాలె. సగం ఉంచితేనే పట్టీలు పడ్తయి."

లస్మయ్య నోరు విప్పాడు. "సేటు, బీము చుట్టుట్ల గుడ అంతే. సగం తెగిన చుట్టు ఉంచం." ఆయన మా వైపు మాట్లాడడం అదే మొదలు. నాకు ఆయన మీద జాలేమీ కలగలేదు.

"డిసెంబర్ ఒకటో తారీఖునుంచి రా చెల్లె" అన్నాడు సేటు. మేడం పోయి మళ్లీ చెల్లె వచ్చింది. బ్యాటరీ డబ్బా కూడా కొంటాడట. ఇప్పుడు!

ఆటోలో ఆమె ఏడ్చింది. నన్ను చూడకుండా ఏడ్చింది. నేనూ ఆమెను చూడనట్టే కూర్చున్నాను. చేతి రుమాలు మాత్రం ఇచ్చాను, ఆటో నిండా చీదేస్తుందని.

నవంబర్ 14, సోమవారం

షెడ్లు తెరిచారు. ఈ నెల ఒక్కటే కదా అన్నాడు ఇమ్మానుయేల్. మళ్లీ దగ్గు.

నవంబర్ 30, బుధవారం

రేపటినుంచి క్రిస్టినా ఆఫీసు. చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. అందరం కలిసి తిన్నాం. తిన్నాక ఇమ్మానుయేల్ లేచి టిఫిన్ డబ్బా కట్టుకున్నాడు.

"యాడికి?" అన్నాను.

"యాడికేంది? రాత్‌పాళీకి."

"నెలాఖరు వరకే అన్నవు గద" అంది క్రిస్టినా.

"అన్న. ఆలోచన చేసిన." చెప్పుల వైపు చూస్తూ మాట్లాడాడు. "పెండ్లాం ఆఫీసుకు వోతే నేను ఇంట్ల చాటలు చెరుగాల్నా? షెడ్డుల అప్పుడే నవ్వుతున్నరు."

"నవ్వితె నవ్వనీ. ఛాతీ బాగయినంక వేరే పని చూసుకోవచ్చు. సేటును నేను అడుగుత."

"నాకోసం నువ్వు అడుగుతవా?" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఆమె ఇస్త్రీ చీర తీసి మళ్లీ మడత పెట్టింది. ఏ మడతా చెడలేదు దానికి.

ఇన్ని రోజులూ డబ్బాను, సేటును, లస్మయ్యను, కోడలిని తిడుతూ ఇంకు అంతా ఖర్చు చేశాను. అసలు మొద్దును కన్నది నేను. వాడికోసం ఒక్క చుక్క మిగల్చుకోలేదు.

డిసెంబర్ 1, గురువారం

తెల్లారి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆఫీసుకు దిగుతూ క్రిస్టినా అతన్ని దాటుకుని వెళ్లింది. ఆగింది. కనుబొమ్మల మీది పీచు చేత్తో తీసింది. వెళ్లింది.

డిసెంబర్ 3, శనివారం

మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆటో ఎక్కి కనేరి పోయాను. మోషేను బయటికి మోసుకొచ్చిన రోజు తర్వాత ఆ షెడ్డు గడప తొక్కలేదు. గాలి నిండా అదే పీచు, తెల్లగా, దోమల్లా. అక్కడ ఎవరికి ఏ మగ్గం ఇవ్వాలో చూసేది ముకద్దం భూమయ్య. ఆ రోజు మోషేను కాళ్లవైపు పట్టుకుని మోసినవాడు ఆయనే.

"భూమయ్యా, నా కొడుకు మగ్గం ఇంకొగనికియ్యి" అని అరిచాను. మగ్గాల మోతలో అరవకపోతే వినబడదు. అందరికీ వినబడింది. వినబడాలనే అరిచాను.

"వాడు చెప్పాలె గదక్కా."

"వాడు చెప్పడు. వాని నాయిన గుడ చెప్పలే. నువ్వే పట్టుకొచ్చినవు ఆయన్ని."

భూమయ్య షిఫ్టు గంట కొట్టే గూటం తీసి, మళ్లీ పెట్టాడు.

"నవ్వుతరక్కా వాన్ని."

"నన్ను నవ్వుమను. ముసల్ది వచ్చి కొడుకు పని పీకి పోయిందని చెప్పు. సిగ్గులేంది అని చెప్పు. ఏమన్న చెప్పు. మగ్గం మాత్రం ఇయ్యకు."

అక్కడే నిలబడ్డాను. కాలు కదపలేదు. ఆయన కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన ఎవరినో పిలిచి, ఇమ్మానుయేల్ మగ్గం చూపించాడు. పిల్లవాడు లేతగా ఉన్నాడు. వాడికి తల్లి ఉందో లేదో! వాడి గురించి కూడా నేనే భయపడాలంటే నావల్ల కాదు.

ఇమ్మానుయేల్ రాత్‌పాళీకి పోయి గేటు నుంచే తిరిగొచ్చాడు.

"నా మగ్గం ఎవనికిప్పిచ్చినవు?"

"ఊపిరున్నోనికి."

కంచం అవతలికి తోశాడు. క్రిస్టినా దాన్ని మళ్లీ ఇవతలికి జరిపింది. ఆమె నన్నూ చూడలేదు, వాడినీ చూడలేదు. నేను ఉప్పు తక్కువైందేమో అన్నాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

డిసెంబర్ 4, ఆదివారం

రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. ఇంట్లో దగ్గాడు.